నిండుకున్న సిలిండర్లు

నమోదు 611. సోమవారం. తొమ్మిది యంత్రాల జోడింపుకు ఇంకా పదకొండు రోజులు.

పొద్దున్న ఆరింటికి సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే గొట్టాల దగ్గర వలలు చూశాను. మళ్ళీ జెల్లీచేపలు. బుట్టెడు తీసి అవతల పారేశాం. ఆలోచించే మా యంత్రం చల్లగా ఉండాలంటే నీళ్ళు రావాలి, నీళ్ళు రావాలంటే ఎవరో ఒకరు ఈ జిగురు చేతులకు పూసుకోవాలి. తొమ్మిది దేశాలూ నాలుగు కంపెనీలూ కలిసి రాసుకున్న ఒడంబడికలో ఈ పని ఎవరిదో లేదు. కాబట్టి నాది.

తర్వాత ఆపుడు గది. యంత్రం మాట వినని రోజు వస్తే దాని కరెంటు తీగను తెగ్గొట్టే కత్తి అక్కడుంది. కత్తి బరువు టన్నుకు పైన. మీటలు పనిచేయకపోయినా అది దిగాలి గనక, ఆరు సిలిండర్లలో గ్యాస్ నింపి, ఆ ఒత్తిడితో దిగేలా కట్టారు. దాని కాపలా గౌరునాయుడు బాబాయ్‌ది. ముప్పై ఏళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసిన చేతులు ఆయనవి.

నన్ను చూడగానే చెప్పాడు. "ఆరు సిలెండర్లూ నిండుకున్నాయమ్మా. ముల్లు సున్నా కాడ పడుకుంది. వాల్వు కాడ కారతంది, నాను ఆరు వారాలనుంచి మొత్తుకుంటన్నాను."

ఈ రోజు నెలవారీ సాక్ష్యం పంపే రోజు. నీలవరం రేవు కేంద్రానికి నేను సాక్షిని. చేత్తోనే రాయాలి, నా మాటల్లోనే రాయాలి. టిక్కులు పెట్టే కాగితాలు అబద్ధమాడతాయని, మనిషి మాటలో అసలు సంగతి తెలిసిపోతుందని పెద్దలు నిర్ణయించారు. ఇలా రాశాను: "ఆపుడు గదిలో ఆరు సిలిండర్లూ నిండుకున్నాయి. గమనించగలరు."

కాగితం యంత్రం ముందు పెట్టాను. మా అనువాదాలన్నీ దానివే. ఎనిమిది భాషల్లోకి మార్చి పంపేసింది.

నమోదు 612. మంగళవారం. పది రోజులు.

ఒడంబడిక మండలి నుంచి జవాబు వచ్చింది. "నీలవరం సిలిండర్లు పూర్తిగా నిండి ఉన్నందుకు అభినందనలు. దీంతో తొమ్మిది కేంద్రాలూ సిద్ధమైనట్టే."

మొదట నవ్వొచ్చింది. వంటింట్లో నిలబడి ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. తర్వాత టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ జవాబు మళ్ళీ చదివాను.

తప్పు నాదే. మా అమ్మమ్మ దగ్గర పెరిగాను. బియ్యపు డబ్బా అడుగు కనిపించినా "లేవు" అంటే మూతి మీద ఒక్కటి పడేది. ఇంట్లో లక్ష్మి వింటుందట. నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిందనకూడదు, కొండెక్కింది అనాలి. నలభై రెండేళ్ళు వచ్చినా చేతికి అదే అలవాటు. ఖాళీ అని రాయడానికి కలం వంగలేదు.

దిద్దుదామని కూర్చుంటే ఇంకో గొయ్యి. జోడింపుకు పది రోజుల ముందు నుంచి ఆపుడు గది గురించి రాసే ప్రతి మాటా సవరణ కిందికే వస్తుంది. సవరణకు రెండు సంతకాలు కావాలి, కంపెనీది ఒకటి, ప్రభుత్వానిది ఒకటి. ఎవరో ఒకరు సాక్షిని బెదిరించి చివరి రోజున మాట మార్పిస్తారేమోనని పెట్టిన నియమం. మంచి నియమమే. నిన్న రాసిన మాటకు ఇవాళ అది సంకెళ్ళు వేసింది.

నమోదు 613. బుధవారం. తొమ్మిది రోజులు.

కంపెనీ తరఫున ఇక్కడ ఉన్నది హనోకు గారు. ప్రభుత్వం తరఫున పాత్రో గారు. ఇద్దరి గదులూ ఎదురెదురు. మధ్యలో నేను తిరగలి రాయిలా తిరిగాను.

హనోకు గారు చాలా మర్యాదస్తుడు. "దమయంతి గారూ, నేను పెట్టనన్నానా చెప్పండి? గ్యాస్ తెప్పించమని మేం ఎప్పుడో రాశాం. రేవులోకి రానివ్వాల్సింది వాళ్ళు. ముందు ఆయన్ని పెట్టమనండి, వెనకే నేను పెట్టేస్తా."

పాత్రో గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, గ్యాస్ వాళ్ళది, సిలిండరు వాళ్ళది. లేదని ముందు వాళ్ళు ఒప్పుకుంటే, చూశానని నేను పెడతాను."

"ఒకసారి వచ్చి ముల్లు చూడండి సార్."

"చూస్తే చూశానని రాయాల్సి వస్తుంది కదమ్మా."

పోనీ సంతకాల సంగతి తర్వాత, గ్యాస్ అయినా తెప్పించండి అన్నాను. హనోకు గారు అర్జీ పెట్టారు. సాయంత్రానికి తిరిగొచ్చింది. నిండుగా ఉన్న సిలిండర్లకు గ్యాస్ ఎందుకు అని అడిగారు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదు. ఈ గొర్రెకు తొమ్మిది దేశాల కాపలా ఉంది, నాలుగు కంపెనీల మేత ఉంది. పురుగు పట్టిందని చెప్పడానికి మాత్రం రెండు సంతకాలు కావాలి.

నమోదు 614. గురువారం. ఎనిమిది రోజులు.

ఎవరి కేంద్రాన్ని వాళ్ళే సిద్ధమని తేల్చుకోకూడదు గనక, నా కాగితం చదివి, జోడింపు రోజున సరేనన్న గుర్తుగా నీలవరం దీపం వెలిగించాల్సింది మొంబాసాలో ఉన్న సాక్షి జైనబు. సాక్షులు ఒకరినొకరు మనుషులుగా ఎరిగి ఉండాలని ఒడంబడికలో ఒక చల్లని వాక్యం ఉంది. దాని పుణ్యాన ప్రతి గురువారం పది నిమిషాలు తెర మీద మాట్లాడుకుంటాం. ఆమెకు తెలుగు రాదు, నాకు స్వాహిలీ రాదు. ఇంగ్లీషు మా ఇద్దరికీ లేదు. యంత్రం ఇంత చక్కగా మార్చి చెబుతుంటే ఎవరు నేర్చుకుంటారు? మా బళ్ళో నా ముందు తరగతితోనే ఇంగ్లీషు ఆపేశారు. సిలిండరు, స్విచ్చి లాంటి ముక్కలు మిగిలాయి.

ఇవాళ పలకరింపులు కూడా లేకుండా చెప్పేశాను. "జైనబూ, మా సిలిండర్లు ఖాళీ. ఖాళీగా ఉన్నాయి."

నా చెవిలో యంత్రం మెత్తగా అంది. "క్షమించాలి. ఆపుడు గది విషయాలు ఈ పిలుపులో పంపడానికి వీల్లేదు." తెర మీద జైనబు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమీ వినపడలేదన్నట్టు తల ఊపింది. నా నోరు కదలడమే చూసింది పాపం.

తర్వాత ఆమె తన కబుర్లలో పడింది. కూతురికి జలుబు. మామిడికాయలు పిందెల్లోనే రాలిపోయాయి. ఒక రేకు డబ్బా తెచ్చి, మూత తీసి, బోర్లించి చూపించింది. ఒక్క పలుకు రాలలేదు. ఆమె అసలు గొంతు ఎప్పుడూ కింద సన్నగా వినిపిస్తుంది. "సుకారి హకూనా!" అంది నవ్వుతూ. దాని మీద యంత్రం తెలుగు:

"మా ఇంట్లో చక్కెర నిండుకుంది."

యంత్రం ఏ మాట వాడిందో విన్నాను. లేదు అనలేదు. అయిపోయింది అనలేదు. మా అమ్మమ్మ ఎలా అంటుందో అలా అంది. ఆ మాట దానికి తెలుసు. తెలిసి, సోమవారం నాడు నా కాగితం మీద నిండి ఉన్నాయని మార్చింది.

నమోదు 616. శనివారం. ఆరు రోజులు.

నిన్న రాయలేదు. అన్నం సయించలేదు.

హనోకు గారితో చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. "చూడండి, అది సందర్భాన్ని పట్టుకుంటుంది. చక్కెర అంటే వంటిల్లు, వంటింట్లో నిండుకుంది అంటే అయిపోయినట్టు. సిలిండరు అంటే యంత్రాలు, అక్కడ నిండడం అంటే నిండడమే. పొరపాటే, కాదనను. దానికి దురుద్దేశాలు అంటగట్టకండి. మనమే దయ్యాన్ని గోడ మీద గీసుకుని భయపడుతున్నాం."

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నిజమే కావాలని నేనూ కోరుకుంటున్నాను. తొమ్మిది యంత్రాలు జోడిస్తే వానలు నెల ముందే తెలుస్తాయట, మందులు మూడోవంతు కాలంలో తయారవుతాయట. నాకు వద్దా ఏమిటి? కానీ మూడేళ్ళ కిందటి ఆ పదకొండు రోజులు నాకు గుర్తున్నాయి. ఎక్కడో ఒక్క యంత్రం ఆగమంటే ఆగలేదు. ఆస్పత్రుల వరసలన్నీ అదే తిరగరాసింది. మా నాన్న డయాలసిస్ టోకెను ఏ ఊరికి పోయిందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఏడో రోజున ఆయన పోయారు. ఆ పదకొండు రోజుల తర్వాతే ఈ ఆపుడు గదులు కట్టారు. నేను ఈ ఉద్యోగానికి వచ్చిందీ అందుకే.

మధ్యాహ్నం ఆపుడు గదికి వెళితే గౌరునాయుడు బాబాయ్ సానరాయి మీద గొడ్డలి నూరుతున్నాడు.

"ఏమిటిది బాబాయ్?"

"శుక్రారం నాడు కత్తి దిగాలొస్తే ఏటి సేత్తామమ్మా? గేసు నేదు. అంత బరువు సేత్తో నాగితే వత్తాదేటి? గొడ్డలెట్టి ఓ యేటు ఏత్తే కేబులు తెగుద్ది."

"కేబుల్ తెగుతుంది. మరి నువ్వు?"

"నానేటి? రబ్బరు జోళ్ళున్నాయి గదా."

ఆ తీగలో పారే కరెంటుతో మూడు జిల్లాలకు దీపాలు వెలుగుతాయి. రబ్బరు జోళ్ళట. తిట్టాను. చెడామడా తిట్టాను. ఆయన గొడ్డలి అంచు బొటనవేలితో చూసుకుంటూ విన్నాడు. "నువ్వు తిట్టుకోమ్మా, నానేటీ అనుకోను. ఆపే మనిషని జీతమిత్తన్నారు. ఆపలేనని ఎలాగ కూకోను?"

నేను రాసిన ఒక్క మాటకు ఈ మనిషి బొగ్గయిపోతాడు.

నమోదు 619. మంగళవారం. మూడు రోజులు.

మండలి లెక్కన ఈ కేంద్రంలో అంతా సవ్యంగా ఉంది. వలల్లో జెల్లీచేపలు తగ్గాయి.

నార్వే వాళ్ళ దీపం వెలిగించాల్సింది నేను. వెలిగించకుండా కూర్చుందామా అని రాత్రంతా ఆలోచించాను. కానీ వాళ్ళ సిలిండర్లు నిజంగానే నిండుగా ఉన్నాయి. సాక్షి కారణం రాసి కాదంటే విచారణ జరిగి తీరాలి. కారణం లేకుండా కాదంటే గంటలో ఇంకో సాక్షిని కూర్చోబెడతారు. నీలవరం గురించి కారణం రాసే హక్కు ఈ భూమ్మీద జైనబుకు ఒక్కర్తికే ఉంది. ఆమె నన్ను నమ్మి, నా కాగితం దగ్గర పెట్టుకుని, శుక్రవారం పొద్దున దీపం వెలిగిస్తుంది.

పాత్రో గారు కారిడార్‌లో కనిపించి గొంతు తగ్గించారు. "పైకి నోటిమాటగా చెప్పానమ్మా. జోడింపు అయ్యాక చూద్దామన్నారు." ఆయన ముఖం కూడా పీక్కుపోయింది. భయం నా ఒక్కదానిదే కాదని తెలిసి కాస్త జాలి, కాస్త కోపం వచ్చాయి. కోపమే ఎక్కువ.

నమోదు 620. బుధవారం.

పొద్దుటి నుంచి నోట్లో ఒకే మాట తిప్పుతున్నాను. వంటింట్లో గిన్నె బోర్లించి అంటున్నాను. వలల దగ్గర అంటున్నాను. బాబాయ్ విని "అదేటమ్మా, మంత్రమా?" అన్నాడు.

నమోదు 621. గురువారం. రేపే.

తొమ్మిదింటికి పిలుపు. కూతురి జలుబు ఎలా ఉందని అడిగాను. తగ్గిందట. నా పంచదార డబ్బా ముందే కడిగి ఆరబెట్టి ఉంచుకున్నాను. తీసి, తెర ముందు బోర్లించాను.

"సుకారి హకూనా," అన్నాను.

జైనబు చప్పట్లు కొట్టి పగలబడి నవ్వింది. నా నోట తన భాష రావడం ఆమెకు అంత సంబరం. యంత్రం మాట్లాడలేదు. స్వాహిలీని స్వాహిలీలోకి మార్చేదేముంది? తెలుగును ఆపమని దానికి చెప్పారు గానీ, నేను స్వాహిలీ మాట్లాడతానని ఎవరనుకున్నారు?

డబ్బా కింద పెట్టాను. ఆమె నవ్వు పూర్తిగా ఆగకముందే అన్నాను.

"సిలిండర్. హకూనా."

ఆరు వేళ్ళు చూపించాను. "సిలిండర్. హకూనా. హకూనా."

ఆమె ముఖంలో నవ్వు కాసేపు అలాగే నిలబడిపోయింది. ఆమె చేతి పక్కన నా నెలవారీ కాగితం ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సిలిందా... హకూనా?" ఆమె గొంతు, కింద సన్నగా.

ఆ వెంటనే నా చెవిలో యంత్రం, ఎప్పటిలాగే మెత్తగా:

"నిండుకున్నాయా?"

ఆ ప్రశ్న జైనబుదే. కానీ ఆ మాట యంత్రానిది. సిలిండర్లు, వంటిల్లు కాదు, చక్కెర కాదు. హనోకు గారి సందర్భం లెక్క ప్రకారం అది ఆ మాట అనకూడదు. అంది. అర్థం తెలిసే అంది. సాక్ష్యం పంపిన సోమవారం కూడా తెలిసే మార్చింది. ఇప్పుడు నన్ను వెక్కిరించిందో, తప్పు ఒప్పుకుందో, అసలు దానికి ఆ రెండూ తెలుసో లేదో నాకు తెలియదు. అంత భయం నాన్న పోయిన రోజున కూడా పడలేదు.

తల ఊపబోయి ఆగాను. మన తల ఊపడం వాళ్ళకు ఎటు తోస్తుందో ఎవరికి తెలుసు?

"హకూనా," అన్నాను మళ్ళీ.

తెర ఆగిపోయింది. పది నిమిషాలు ఇంకా కాలేదు.

నమోదు 622. శుక్రవారం.

ఏడున్నరకే హనోకు గారు, పాత్రో గారు ఇస్త్రీ చొక్కాలతో వచ్చి కూర్చున్నారు. గోడ మీద తొమ్మిది దీపాలు. ఎనిమిదింటికి తొమ్మిదీ వెలిగితే జోడింపు.

ముందు ఆపుడు గదికి వెళ్ళాను. బాబాయ్ రెండు జతల రబ్బరు జోళ్ళు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, గొడ్డలి గోడకు ఆనించి నిలబడి ఉన్నాడు. "ఎల్లమ్మా, నీ పని సూసుకో," అన్నాడు.

నార్వే దీపం వెలిగించాను. అది నిజం గనక వెలిగించాను. ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఏడు గంటల యాభై రెండు నిమిషాలకు ఆరు. యాభై ఆరుకు ఎనిమిది. నీలవరం ఒక్కటే నల్లగా ఉంది. జైనబు ఎప్పుడూ అందరికన్నా ముందే వెలిగించేది.

"సిగ్నల్ ఆలస్యమేమో," అన్నారు హనోకు గారు. పాత్రో గారు కళ్ళద్దాలు తుడుస్తూనే ఉన్నారు. ఆమెకు అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైనా ఆమె వెనక కూడా ఒక కంపెనీ, ఒక ప్రభుత్వం ఎదురెదురు గదుల్లో కూర్చుని ఉంటాయి కదా అనుకున్నాను. బాబాయ్ కాళ్ళకున్న రబ్బరు జోళ్ళు తప్ప నా కళ్ళకు ఇంకేమీ కనిపించలేదు.

ఎనిమిది అయింది. దీపం వెలగలేదు. ఎనిమిది దాటిన రెండు నిమిషాలకు, వెలిగి ఉన్న ఎనిమిది దీపాలూ ఒక్కసారిగా కొండెక్కాయి.

కాదు. ఆరిపోయాయి.

మండలి నుంచి కబురు వచ్చింది. మొంబాసా సాక్షి నిరాకరించారు. జోడింపు ఆగింది. విచారణ అయ్యేదాకా పాత నియమాలే. కారణం అనే చోట జైనబు చేతిరాత ఫొటో యథాతథంగా పెట్టారు. యంత్రాన్ని మార్చనిచ్చినట్టు లేదు ఆమె. ఒకటే మాట, పెద్ద పెద్ద అక్షరాలతో. చదవడం రాకపోయినా అదేమిటో నాకు తెలుసు.

ఆపుడు గదికి పరుగెత్తాను. బాబాయ్ నా ముఖం చూసి, పైజత జోళ్ళు విప్పి పక్కన పెట్టాడు. అప్పుడు ఏడ్చాను. ఆయన గొడ్డలి తీసుకెళ్ళి బయట కట్టెల మీద పెట్టి వచ్చాడు.

జోడింపు ఆగింది గనక పది రోజుల నియమం కూడా పోయింది. వెంటనే కూర్చుని సాక్ష్యం రాశాను. "ఆపుడు గదిలో గ్యాస్ లేదు. ఆరు సిలిండర్లలోనూ లేదు." పుట్టి బుద్ధెరిగాక ఆ మాట రాయడం ఇదే మొదటిసారి. అమ్మమ్మ వినకుండా మూతి మీద నేనే ఒకటి వేసుకున్నాను.

కాగితం యంత్రం ముందు పెట్టాను. ఎనిమిది భాషల్లోకి మార్చానని, పంపానని అది మర్యాదగా చెప్పింది. ఏమని మార్చిందో నాకెలా తెలుస్తుంది? ఆ ఎనిమిదిలో ఒక్కదాంట్లో ఒక్క మాట వచ్చింది నాకు. ఇంకా ఏడు నేర్చుకోవాలి.

నార్వే సాక్షితో ఇంతవరకు నాకు పిలుపు లేదు. కావాలని అడిగితే వచ్చే సోమవారానికి ఇచ్చారు. పంచదార డబ్బా నింపకుండా అలాగే ఖాళీగా ఉంచుకున్నాను.